కూర్చుని చేసే పని

నా ఉద్యోగ విరమణకు నాలుగేళ్ల ముందు, జ్యేష్ఠ మాసపు ఎండల్లో, నన్ను సముద్రతీరానికి దగ్గరగా ఉన్న ఒక చిన్న ప్రభుత్వ ఆసుపత్రికి బదిలీ చేశారు. హోదా సీనియర్ ఫిజియోథెరపిస్టు. ఆ విభాగంలో నేను తప్ప మరొకరు లేరు కనుక సీనియర్ అనే మాటకు అక్కడ అర్థం లేదు. ఎక్స్‌రే గది పక్కన ఒక గది, రెండు బల్లలు, గోడకు బిగించిన ఒక కప్పీ, దాని తాడు. రోగులు నన్ను ‘మసాజ్ మేడం’ అనేవారు. సామర్లకోట పంచదార ఫ్యాక్టరీ దగ్గర చెరకు బండ్లు దించిన కూలీ కూతురిని నేను. మా ఇంట్లో డిగ్రీ పట్టా చేతికి తీసుకున్న మొదటి మనిషిని. ఆ పేరు నాకు ఎంత కష్టంగా ఉండేదో వేరే చెప్పనక్కరలేదు. చెప్పి సరిదిద్దేదాన్ని. మరునాడు మళ్లీ ‘మసాజ్ మేడం గారున్నారా?’ అనే వినిపించేది.

మా వృత్తి మసాజ్ కాదు. శస్త్రచికిత్స జరిగిన మనిషిని, విరిగి అతికిన మనిషిని తిరిగి తన పనిలో నిలబెట్టడం మా వృత్తి. ఏ కండరం ఎప్పుడు కదపాలి, ఏ ఎముక మీద ఎంతకాలం బరువు పడకూడదు అని నిర్ణయించాలంటే ఆ మనిషి రోజంతా ఏం చేస్తాడో మాకు తెలియాలి. ఆ ఒక్క సంగతి తెలుసుకోనందువల్ల ఏం జరిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆషాఢంలో ఒక ఉదయం లోవకుమారి అనే ఇరవై రెండేళ్ల యువతి వచ్చింది. తోడుగా వచ్చినది ఆమె అన్న భార్య నాగమణి. ఇద్దరూ ఉప్పాడలో ఒకే మగ్గం ముందు పక్కపక్కన కూర్చుని జాందానీ చీరలు నేసేవారు.

లోవకు పుట్టుకతోనే గుండెలోని పై రెండు గదుల మధ్య గోడలో రంధ్రం ఉంది. చిన్నతనంలో ఆయాసపడితే ఉబ్బసం అన్నారు. బక్కగా ఉంటే తిండి చాలలేదన్నారు. చివరికి ఒక వైద్యశిబిరంలో ఎవరో గుండె చప్పుడులో తేడా గమనించి స్కాన్ చేయించమన్నారు. దూరాన ఒక నగరంలోని పెద్ద ఆసుపత్రిలో రొమ్ము నడిమి ఎముకను నిలువునా కోసి, గుండె తెరిచి, గుండెను కప్పి ఉండే పొరలోంచే ఒక ముక్క తీసి ఆ రంధ్రానికి అతుకు వేశారు. పని చక్కగా జరిగింది. ఆ అతుకు వేసిన చేతులకు నేను నమస్కరిస్తాను. నా కోపం దాని మీద కాదు.

గుండె కుట్టాక, కోసిన ఎముకను ఉక్కు తీగలతో కట్టి మూస్తారు. ఎముక ఎముకే కనుక అతుక్కోవడానికి మామూలుగా రెండు మూడు నెలలు పడుతుంది. అంతవరకు చేతులతో గట్టిగా లాగకూడదు, నెట్టకూడదు, బరువెత్తకూడదు. మంచం మీదినుంచి లేచేటప్పుడు కూడా చేతులు ఊనకుండా పక్కకు ఒరిగి లేవాలి. దగ్గితే దిండు గుండెకు హత్తుకుని దగ్గాలి. లోవకు శస్త్రచికిత్స జరిగి అప్పటికి రెండు నెలలు కూడా నిండలేదు.

మొదట నాగమణే మాట్లాడింది.

“దగ్గితే దీని గుండెలో టిక్కుమంటోందండి మేడం గారూ. లోపల గడియారం ఏమన్నా మర్చిపోయారేమోనని మా అత్తగారు ఒకటే గోల.”

లోవ నవ్వబోయి, రొమ్ము పట్టుకుని ఆగిపోయింది.

ఎముక మీద అరచెయ్యి ఉంచి దగ్గమన్నాను. రెండు సగాలు ఒకదానికొకటి రాసుకోవడం నా అరచేతికి తెలిసింది. ఆ కదలిక ఉండకూడదు. అది పెరిగితే తీగ ఎముకను కోస్తుంది, చీము చేరితే గుండె దాకా పాకుతుంది. మళ్లీ తెరవవలసి వస్తుంది.

ఏం పని చేశావని అడిగాను.

“ఏం చేయలేదండి. మగ్గం మీద కూర్చున్నానంతే.”

“ఎవరు కూర్చోమన్నారు?”

“డాక్టరు గారేనండి. పంపించేటప్పుడు ఏం పని చేస్తావమ్మా అన్నారు. నేతండి అన్నాను. కూర్చుని చేసే పనేగా, నెల దాటాక మొదలుపెట్టేసుకో అన్నారు.”

ఆ మాటను ఇంటికి మోసుకొచ్చాక అది ఊళ్లో ఒకరి నోట పడింది. ఆయన వెంకటరత్నం గారు. పట్టు, జరీ ఇచ్చి నేయించుకుని చీరలు పట్టుకెళ్లే షావుకారు. శ్రావణమాసం ముందు ఆయనకు చీరల తొందర. ‘మీ డాక్టరే చెప్పాడట కదమ్మా, కూర్చునే పనేనని. ఇంకా మంచం మీద ఎందుకు?’ అని ఇంటికి వచ్చి మరీ అడిగారట. లోవ ఆ మరునాడే మగ్గంలో కూర్చుంది.

వెంటనే ఆ పెద్దాసుపత్రికి ఫోన్ చేశాను. మా పద్ధతి ప్రకారం ముందు మా సూపరింటెండెంటు గారికి చెప్పి, ఆయన అనుమతితో చేశాను. శస్త్రచికిత్స బృందంలోని ఒక యువ వైద్యుడు మాట్లాడాడు. వినయంగానే మాట్లాడాడు. “వీవింగ్ అంటే సెడెంటరీ వర్కే కదా మేడం, కూర్చుని చేసేదే కదా?” అన్నాడు. మగ్గం ఎప్పుడైనా చూశారా అని అడిగాను. చూడలేదన్నాడు. తరువాత, నన్ను మంచి చేసుకోవడానికి కాబోలు, “మా పెళ్లికి ఉప్పాడ చీరే తీసుకున్నామండి” అన్నాడు.

ఆ మాటకు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు. చీర తెలుసు. చీర వెనుక చెయ్యి ఉంటుందని, ఆ చెయ్యి భుజానికి, ఆ భుజం తాము కోసిన ఆ ఎముకకే తగిలించి ఉంటుందని తెలియదు. అన్నేళ్లు శరీరం చదివినవారికి తెలియవలసిన సంగతే అది. అతడొక్కడినే అనడం న్యాయం కాదు. రోగిని ఇంటికి పంపేటప్పుడు ‘ఏం పని?’ అని అడగడం, జవాబు సగం వినడం, కూర్చునేదా నిలబడేదా అని రెండు గంపల్లో ఒకదానిలో పడేయడం మా శాఖ అంతటా ఉన్న అలవాటు. గుమాస్తా ఒక గంప, కూలీ ఒక గంప. నేతగాళ్లు గుమాస్తాల గంపలో పడ్డారు.

లోవను మళ్లీ అక్కడికి పంపాము. అదృష్టవశాత్తు తీగలు తెగలేదు, చీము చేరలేదు. ఎముక కదలకుండా రొమ్ముకు పట్టీ బిగించి, పూర్తి విశ్రాంతి చెప్పి, ఆ తరువాత ఏ పని ఎప్పుడు, ఎంత చేయాలనే కొలతలన్నీ నాకు వదిలారు.

కొలవాలంటే చూడాలి. ఒక ఆదివారం ఉప్పాడ వెళ్లాను. ఆ ఏడాది సముద్రం రోడ్డును మళ్లీ కోసేసింది. బస్సు ఊరి బయటే దింపేసింది. వాళ్ల ఇంట్లో సగం స్థలం మగ్గానిదే. నేలలో గుంట, అంచున ఇద్దరు కూర్చునే చెక్క. కాళ్లు గుంటలోకి దించి కర్రలు తొక్కాలి. అడ్డపోగును మోసుకెళ్లే నాడెను ఒకరు ఇటునుంచి తోస్తే రెండోవారు అటు అందుకుని మళ్లీ తోయాలి. ప్రతి పోగుకూ బరువైన పలకను ఇద్దరూ కలిసి రొమ్ము వైపుకు లాగి కొట్టాలి. నడుమ బుటాల కోసం వంగి చిన్న చిన్న కండెలతో దారాలు దూర్చాలి.

“కూర్చోండి మేడం గారూ, కూర్చునే పనేగా!” అంది నాగమణి.

కూర్చున్నాను. ఆమె పక్కన కాసేపు పలక లాగాను. లాగిన ప్రతిసారీ బరువు రెండు భుజాల నుంచి సరిగ్గా రొమ్ము నడిమి ఎముక మీదికే వచ్చింది. కోసిన ఎముకను విడదీయడానికి యంత్రం తయారు చేయమంటే ఇంతకంటే తగినది నేను చేయలేను.

నా లాగుడు చూసి నాగమణి పెదవి విరిచింది. “చెయ్యి కుదరలేదండి. మీరు ముందు లాగేస్తున్నారు” అంది. ఇద్దరి దెబ్బ ఒక్కసారి పడకపోతే నేత ఒకవైపు బిగిసి ఒకవైపు వదులవుతుందని, వెలుగుకు ఎత్తి పట్టుకుంటే కనిపిస్తుందని చెప్పింది. అందుకే అక్కడ ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలన్నది చిన్న సంగతి కాదు. చెయ్యి కుదరడానికి నెలలు పడుతుంది. లోవ, నాగమణి ఏడేళ్లుగా జత.

ఆ రోజే ఒక వరుస నిర్ణయించాను. ముందు నడక, ఊపిరి వ్యాయామాలు. పట్టీ తీశాక భుజాల కదలికలు. తరువాత మగ్గంలో కూర్చున్నా బుటా దారాలు దూర్చడం మాత్రమే. ఆ తరువాత నాడె. పలక అన్నిటికంటే చివర. లోవ ఒక్క మాట కూడా తప్పలేదు. తన జీవితంలో మొదటిసారి మేడ మెట్లు ఆగకుండా ఎక్కానని చెప్పినప్పుడు ఆమె ముఖంలో ఉన్నది సంతోషం కన్నా ఆశ్చర్యం. అందరికీ అలాగే ఉంటుందా అని అడిగింది. ఉంటుందన్నాను.

కార్తీకం వచ్చేసరికి ఎముక గట్టిపడింది. స్కాన్ బాగుంది. గుండె వైద్యులు అన్ని పనులూ చేసుకోవచ్చన్నారు. అప్పుడు వెంకటరత్నం గారు వద్దన్నారు.

ఈ లోపల లోవ చోట్లో ఆయన వేరే అమ్మాయిని కూర్చోబెట్టారు. మగ్గం వాళ్లింట్లోదే అయినా పట్టు, జరీ ఆయనవి కనుక ఎవరు నేయాలో చెప్పేది ఆయనే. తాత్కాలికమే అనుకున్నాము. లోవ తిరిగి వస్తానంటే ఆయన తల అడ్డంగా ఆడించారట. నేను వెళ్లి మాట్లాడాను. కొట్టులో కుర్చీ వేయించి, కాఫీ తెప్పించి, ఎంతో మర్యాదగా మాట్లాడారు.

“గుండె కోసిన పిల్లండి పాపం. మగ్గమంటే మాటలా? రెక్కలు విరిచే పనండి అది. రేపు కూర్చున్నచోటే ఏమన్నా అయితే?”

ఆషాఢంలో ఇదే పనిని మీరు ఏమన్నారో గుర్తుందా అని అడిగాను.

“అప్పుడు డాక్టరు చెప్పాడని అన్నానండి.”

ఇప్పుడూ డాక్టర్లే చెబుతున్నారు కదా అన్నాను. నా చేతిలో ధ్రువపత్రం ఉంది. ఆయన దాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు.

“కాగితం మీదండి, చీర నాదండి” అన్నారు.

ఎముక అతుక్కోని రోజున అది కూర్చునే పని. అతుక్కుని, ఆమె గుండె ఎన్నడూ లేనంత బలంగా కొట్టుకుంటున్న రోజున అది రెక్కలు విరిచే పని. పని మారలేదు, మగ్గం మారలేదు. ఆ అమ్మాయి రోగిగా ఉన్నప్పుడు రోగమే లేదన్నారు. రోగం పోయాక ఆమెను రోగిని చేశారు. ఇదంతా ‘పాపం’ అనే మాటతో చేశారు. ఆ మాట తిట్టుకంటే హీనంగా వినిపించింది నాకు. పట్టా, హోదా, ముద్ర వేసిన కాగితం అన్నీ పట్టుకుని ఆ కొట్టు మెట్లు దిగుతూ, కోపంతో చెప్పులు కుడి ఎడమలు మార్చి తొడుక్కున్నాను.

దారిలో లోవ ఇంటి దగ్గర ఆగి జరిగింది చెప్పాను. ఆమె ఏడవలేదు. “అతుకు వేసింది గుండెకండి, చేతులకు కాదు కదా” అని మాత్రం అంది.

నేను కలెక్టరు గారి కార్యాలయానికి అర్జీ పెట్టే ఆలోచనలో ఉండగా నాగమణి తన పని తాను చేసింది. మగ్గం మీద ఒక చీర సగంలో ఉంది. పెళ్లికూతురి చీర, తారీఖుకు అందవలసింది. నాగమణి మగ్గం దిగి, చీర చూడడానికి వచ్చిన షావుకారు గారితో, కొత్త పిల్లతో తనకు చెయ్యి కుదరడం లేదని చెప్పింది. కొత్త పిల్ల మంచిదేనని, తప్పంతా తన చేతిదేనని కూడా చెప్పింది. అంతకుముందు రోజు నేసిన భాగాన్ని వెలుగుకు ఎత్తి చూపించింది. వంకర కనిపించింది. కావాలని చేసిందా అని నేను తరువాత అడిగితే, “మీరు లాగినప్పుడు ఎలా వచ్చిందో గుర్తు తెచ్చుకున్నానండి” అంది.

ఆయన కొత్త పిల్లకు మరో మగ్గం చూపించి, లోవకు కబురు పెట్టారు. ఆరోగ్యం ఎలా ఉందని అడగలేదు. చీర ఎప్పటికవుతుందని అడిగారు. నాలుగేళ్ల తరువాత నేను విరమణ చేసేనాటికి కూడా లోవ అదే చోట, అదే వదిన పక్కన నేస్తోంది. ఏడాదికోసారి గుండె పరీక్షకు వెళ్లినప్పుడు మా గదికి వచ్చి, దగ్గి చూపించి వెళ్లేది. టిక్కు లేదు.

ఈ ఉదంతంలో న్యాయం జరిగిందని నేను అనను. ఒక స్త్రీ తన నేతను వంకర చేసుకుంటే తప్ప ఇంకొక స్త్రీకి తన చోటు దక్కలేదు. వైద్యం చెప్పిన మాట అక్కడ చెల్లలేదు. మొదట తప్పు చెప్పినప్పుడు మాత్రం చక్కగా చెల్లింది.

దీని నుంచి నేను నేర్చుకున్నది చిన్న పద్ధతి. ఆ తరువాత ఏ రోగినీ ‘ఏం పని చేస్తావు?’ అని అడిగి ఊరుకోలేదు. చేసి చూపించమనేదాన్ని. వల లాగేవారు, కొబ్బరికాయ దింపేవారు, పిండి రుబ్బేవారు బల్ల పక్కన నిలబడి గాలిలో చేతులు కదిపి చూపించేవారు. మొదట సిగ్గుపడేవారు, తరువాత వివరంగా చూపించేవారు. చూపించడానికి వాళ్లకు ఎంతోసేపు పట్టేది కాదు. అడగడానికే మా వాళ్లకు ఇన్నేళ్లు తీరిక లేకపోయింది.