మూడో నెట్‌లో తడి

ఇది ఎనిమిదేళ్ల కిందటి మాట. మార్చి నెల, వరంగల్‌లో ఎండలు అప్పుడే మొదలవుతున్నాయి. ఖమ్మం రోడ్డు మీద ఒక ప్రైవేటు క్రికెట్ మైదానంలో నేను క్యూరేటర్‌గా పని చేస్తున్నాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. క్యూరేటర్ అంటే పిచ్ తయారు చేసేవాడు. పేరు వింటే కోటు వేసుకున్న మనిషి అనిపిస్తుంది కానీ పనంతా మట్టి పనే. మా నాన్న వర్ధన్నపేట దగ్గర వరిమడికి నీళ్లు పెట్టేవాడు, నేను పిచ్‌కు పెడతాను. ఆయన మడిలో మొలక కనిపిస్తే ఇల్లంతా సంతోషం. నా పిచ్ మీద మొలక కనిపిస్తే నాకు తిట్లు.

టీవీలో మ్యాచ్‌కు ముందు పాత ఆటగాళ్లు పిచ్ దగ్గర వంగి చూసి ఏదేదో చెబుతుంటారు. వాళ్లకు కనిపించేది పై పొర. అసలు సంగతి కింద ఉంటుంది. నల్లమట్టిలో ఎంత తడి ఉందో దాన్ని బట్టి బంతి నడక మారుతుంది. ఆరి గట్టిపడిన పిచ్ మీద బంతి చక్కగా బ్యాట్ మీదికి వస్తుంది. లోపల పచ్చిగా ఉంటే పడ్డచోట ఓ క్షణం ఆగుతుంది. ఒకటి లేస్తుంది, ఇంకొకటి నేలబారుగా పోతుంది. ఆ తడి తెలుసుకోవడానికి నా దగ్గర ఉన్న మిషన్ నా బొటనవేలు. గట్టిగా నొక్కితే గుంట పడిందంటే లోపల పచ్చి ఉన్నట్టు. పొద్దున్నే అలా నొక్కుకుంటూ పిచ్ పొడుగునా పాకుతుంటే, అన్నం డబ్బా తెచ్చిన మా ఆవిడ చూసి, పెళ్లిచూపుల్లో తనను కూడా ఇంత శ్రద్ధగా చూడలేదని దెప్పింది. నిజమే, నేను కాదనలేదు.

మా పనిలో ఒక ఆనవాయితీ ఉంది. బ్యాటింగ్‌కు పోయేవాళ్లు క్యూరేటర్ కనిపిస్తే వికెట్ ఎట్లుందని అడిగి పోతారు. వికెట్ అంటే ఇక్కడ పిచ్ అనే అర్థం. పిల్లలు అడుగుతారు, జుట్టు నెరిసినవాళ్లూ అడుగుతారు. సెలెక్షన్ ట్రయల్స్ రోజున, అంటే జట్టు కోసం పిల్లలను ఏరే రోజున, ఆటగాళ్లను ముందుగా పిచ్ మీదికి రానిచ్చేవాళ్లు కాదు. కాబట్టి ఆ రోజు మా నోటి మాటే వాళ్లకు ఆధారం.

రజిత ఎప్పుడూ అడిగేది. మట్టెవాడ అమ్మాయి. వాళ్ల నాన్న పవర్‌లూమ్ మీద కూలికి నేసేవాడు. రెండేళ్ల పాటు రోజూ మొదటి బస్సుకే వచ్చి, నేను రోలర్ బయటికి తీసేసరికి ప్యాడ్లు కట్టుకుని నిలబడేది. ముందుకాలు చాచి బంతిని నేలమీదుగా డ్రైవ్ చేసేదంటే, అవతలి పక్క గడ్డి కోస్తున్నవాళ్లు కూడా కొడవలి ఆపి చూసేవాళ్లు. నేను ఎందరినో చూశాను. అంత నెమ్మదిగా, అంత నమ్మకంగా ముందుకు వచ్చే కాలును మళ్లీ చూడలేదు. ఆ ఏడాది ఆమెకు పద్దెనిమిది దాటుతున్నాయి. అండర్ నైన్టీన్ జట్టుకు అదే ఆఖరి అవకాశం. ఈసారి కాకపోతే ఆట బంద్ చేసి కాలేజీకి పోవాలని ఇంట్లో చెప్పేశారు. వాళ్ల నాన్న అప్పటికే రెండేళ్లు ఓపిక పట్టాడు, ఆయన్ను అనడానికి లేదు.

జిల్లాల నుంచి రాష్ట్ర జట్టుకు పిల్లలను పంపే ట్రయల్స్ ఆ ఏడు మా మైదానంలో పెట్టారు. ఇక్కడ పేరు రాస్తే రాష్ట్రం, అక్కడ రాణిస్తే దేశం. దేశం జట్టును ప్రకటించిన రోజున ఫలానా వాళ్లకు అన్యాయం జరిగిందని టీవీల్లో అరుచుకుంటారు. వాళ్లు అరిచే పేర్లన్నీ ఎన్నో మైదానాలు దాటుకుని అక్కడిదాకా వచ్చినవి. దాటలేకపోయిన పేర్ల కోసం అరవడానికి ఆ పేర్లు ఎవరికీ తెలియవు.

ట్రయల్స్ నడిపించే పెద్దమనిషిని అందరం సార్ అనేవాళ్లం. ముందురోజు మధ్యాహ్నం వచ్చి నన్ను నెట్స్ దగ్గరికి తీసుకుపోయాడు. నెట్స్ అంటే చుట్టూ వల కట్టిన ప్రాక్టీసు పిచ్‌లు. మావి మూడు.

"మూడో దానికి నీళ్లు గట్టిగ పట్టు సాంబన్నా," అన్నాడు. "పైన మాత్రం మూడు ఒక్క తీరుగ కనవడాలె."

ఎందుకని అడిగాను. కష్టమైన వికెట్ మీద ఎవరు నిలబడతారో చూడాలి కదా అన్నాడు. పోతూ పోతూ, నా ఉద్యోగం పర్మనెంట్ చేయమని ఓనర్‌తో తాను మాట్లాడుతున్నట్టు కూడా చెప్పాడు. ఆయన చెప్పిన కారణం నేను నమ్మానని రాస్తే అబద్ధం. నమ్మినట్టు ఉంటే పని సులువవుతుందని నమ్మినట్టు ఉన్నాను.

ఆ సాయంత్రం మూడో నెట్‌కు పైపు పెట్టి గోనె సంచులు కప్పాను. పొద్దున సంచులు తీసి, జల్లించిన పొడిమట్టి పలచగా చల్లి, చిన్న రోలర్ నాలుగుసార్లు తిప్పాను. పైన పెళపెళలాడుతూ, లోపల పచ్చిగా తయారైంది. పక్క రెండింటికీ దానికీ తేడా నాకే తెలియనంత బాగా వచ్చింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, అంత బాగా చేసినందుకు కాసేపు నాకు సంతోషం కూడా కలిగింది.

తొమ్మిదింటికి కాగితాలు అంటించారు. ఏ నెట్‌లో ఎవరు ఆడాలో వాటి మీద ఉంది. మొదటి రెండింటిలో సార్‌కు తెలిసిన ఇళ్ల పిల్లలు. మూడో దాంట్లో పరకాల నుంచి వచ్చిన ఇద్దరు, ఇంకో పల్లెటూరి అమ్మాయి, నాలుగో పేరు రజిత. అప్పుడిక నమ్మినట్టు ఉండడానికి కూడా వీల్లేకపోయింది.

ఆమె హెల్మెట్ చంకలో పెట్టుకుని వచ్చింది. సార్ పది అడుగుల దూరంలో నోట్‌బుక్ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"వికెట్ ఎట్లున్నది కాకా?"

"మంచిగనే ఉన్నది బిడ్డా," అన్నాను. "బంతి మంచిగ వస్తది."

రెండో మాట ఆమె అడగనే లేదు. ఎందుకన్నానో ఇప్పటికీ నాకు తెలియదు.

ఒక్కొక్కరికి పన్నెండు బంతులు. ఆ నెట్‌లో ముందు రజితనే పిలిచారు. మొదటి బంతికే ఆమె తన అలవాటు ప్రకారం ముందుకు వచ్చి డ్రైవ్ ఆడింది. బంతి మట్టిలో ఆగి ఆలస్యంగా వచ్చింది, బ్యాట్ అప్పటికే ముందుకు పోయింది. బంతి గాల్లోకి లేచి నేరుగా బౌలర్ చేతుల్లో పడింది. సార్ ఏదో రాసుకున్నాడు. ఆమె క్రీజ్‌లో నిలబడి ఒకసారి పిచ్ వైపు, ఒకసారి నా వైపు చూసింది. తప్పు తనదే అనుకున్నట్టుంది, మళ్లీ ముందుకే వచ్చింది. నాలుగో బంతి చీలమండ ఎత్తున జారి స్టంపులు పడగొట్టింది. తర్వాత ఆమె కాలు ముందుకు పోలేదు, వెనక్కీ పోలేదు. పచ్చి పిచ్ అని ముందే తెలిసి ఉంటే కాలు వెనక్కి వేసి, బంతి వచ్చేదాకా ఆగి ఆడేది. అలా ఆడడం ఆమెకు బాగా వచ్చు. వానాకాలంలో ఎన్నిసార్లు చూశానో. ఆ రోజు తడి చేసిన చెడుపు కొంతే, మిగతాదంతా నా మాట చేసింది.

పన్నెండూ అయ్యాక ఆమె గ్లోవ్ తీసి, బంతి పడే చోట మోకాలి మీద కూర్చుని బొటనవేలు నొక్కింది. అలా నొక్కి చూడడం నేర్పింది నేనే. వేలు గోరు దాకా దిగింది. దాన్ని పైకెత్తి చూసుకుని, ప్యాంటుకు తుడుచుకుని, నా ముందుకు వచ్చి ఆగింది.

"మంచిగనే ఉన్నదంటివి గద కాకా," అంది.

కోపంగా అన్నా బాగుండేది. నిజంగా తెలుసుకుందామని అడిగినట్టే అడిగింది. నేను పైపు చుట్టుకుంటూ ఉండిపోయాను. ఆమె కిట్ బ్యాగు భుజానికి వేసుకుని వెళ్లిపోయింది. మర్నాడు మొదటి బస్సుకు రాలేదు. తర్వాత కూడా రాలేదు.

మొదటి నెట్‌లో ఆడిన ఒకమ్మాయి రాష్ట్ర జట్టుకు ఎంపికైంది. ఆ పిల్ల తప్పేమీ లేదు. తన నెట్ ఎందుకంత బాగుందో ఆమెకేం తెలుసు. నా ఉద్యోగం మాత్రం పర్మనెంట్ కాలేదు. అయి ఉంటే ఇంకెంత అసహ్యంగా ఉండేదో అని తర్వాత అనుకున్నాను.

మన ఆడపిల్లల మ్యాచ్ టీవీలో వస్తే నేను ఇప్పటికీ వదలకుండా చూస్తాను. రజిత దిగే మూడో నంబరులో ఎవరు దిగినా ముందు వాళ్ల కాలు చూస్తాను. రజిత అక్కడిదాకా పోయేదని నేను చెప్పలేను. పోయేదో లేదో తెలియకుండా చేసింది నేనే, అదే నన్ను తినేస్తుంది. పొద్దున మొదటి బస్సు గేటు ముందు ఆగిన చప్పుడైతే చేతిలో పని ఆపి చూస్తాను. ఎనిమిదేళ్లుగా ఇదే అలవాటు.

రెండేళ్ల తర్వాత ఎవరో తల్లిదండ్రులు ఫిర్యాదు చేస్తే, ఎంపికల మీద విచారణకు పైనుంచి ఒక పెద్దాయన వచ్చాడు. కోచ్‌లను పిలిచాడు, స్కోరు రాసేవాళ్లను పిలిచాడు. నన్నెవరూ పిలవలేదు. పిచ్ చేసేవాణ్ని అడగాలని ఎవరికి తోస్తుంది? నేనే పోయి తలుపు దగ్గర నిలబడి, జరిగిందంతా చెప్పాను. ఆయన మర్యాదగా కూర్చోబెట్టి చాయ్ ఇప్పించాడు. ఓపికగా విని, దీనికి కాగితం ఏమైనా ఉందా అని అడిగాడు.

"నీళ్లు పట్టినదానికి కాగితం ఎక్కడిది సార్," అన్నాను. "రెండు రోజులల్ల ఆరిపాయె."

ఆయన రిపోర్టులో మూడో నెట్ ప్రస్తావన రాలేదని విన్నాను. అయితే ఆయన అడిగిన మాట నాకు పనికొచ్చింది. మర్నాడే ఒక నల్లబోర్డు కొని నెట్స్ ముందు కట్టాను. ఏ పిచ్‌కు ఎప్పుడు నీళ్లు పట్టాను, ఎన్నిసార్లు రోలర్ తిప్పాను, పొద్దున వేలు ఎంత దిగింది, అన్నీ రాసి కింద సంతకం పెడతాను. మొదట్లో నవ్వారు. రైతుబజారులో ధరల బోర్డు లాగుందని ఒక కోచ్ ఎగతాళి చేశాడు. తల్లిదండ్రులు చదవడం మొదలుపెట్టాక నవ్వడం తగ్గింది. సార్ తర్వాత వచ్చిన కొత్తవాళ్లు, ప్రతి పిల్లా మూడు నెట్లలోనూ ఆడాలని, కోచ్‌లు ముందుగా పిచ్ చూసుకోవచ్చని పద్ధతి పెట్టారు.

పోయిన డిసెంబరులో ట్రయల్స్‌కు పరకాల వైపు నుంచి ఒక బడి పిల్లలు వచ్చారు. వాళ్లను తెచ్చిన పీఈటీ టీచర్ రజిత. మెడలో విజిల్, కొంచెం ఒళ్లు చేసింది. నడక మాత్రం అదే. నా బోర్డు ముందు ఆగి మొత్తం చదివింది. చదివాక కూడా మూడు పిచ్‌ల దగ్గరా మోకాలి మీద కూర్చుని వేలు నొక్కి చూసుకుంది. నాకు బాధేసింది. కానీ ఆమె చేసింది సరైన పనే.

ఆమె పిల్లల్లో ఒకతి, పదమూడేళ్లుంటాయేమో, ప్యాడ్లు కట్టుకుని నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. ఆ పిల్లకు నేనెవరో తెలియదు.

"కాకా, వికెట్ ఎట్లున్నది?"

రజిత అవతల ఇంకో పిల్లకు హెల్మెట్ పట్టీ బిగిస్తోంది. చేతులు ఆగిపోయాయి. తల మాత్రం ఇటు తిప్పలేదు.

"మొదటి రెండు మంచిగున్నయి బిడ్డా," అన్నాను. "మూడోదానికి చెట్ల నీడ పడ్తది, లోపల జర పచ్చిగున్నది. అండ్ల ముందుకు ఉరకకు. బంతి వచ్చేదాక ఆగు."

ఆ పిల్లకు సగమే అర్థమైనట్టుంది, టీచర్ వైపు చూసింది. మూడో పిచ్‌లో ఏముందో రజిత వేలుకు అప్పటికే తెలుసు. పట్టీ బిగించడం పూర్తి చేసి, లేచి నిలబడింది.

"కాక చెప్పినట్టు ఆడు," అంది.

ఆ మాట పిల్లతో అంది, నాతో కాదు. ఆ రోజంతా నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. పోయేటప్పుడు గేటు దగ్గర ఒకసారి ఆగితే, నావైపు వస్తుందేమో అనుకుని చేతులు కడుక్కున్నాను కూడా. పిల్లలను లెక్కపెట్టుకుని బస్సెక్కింది. పిచ్ అంటే మట్టి, నీళ్లు, రోలర్ అని ఇన్నేళ్లు అనుకున్నాను. దాని గురించి మనం చెప్పే మాట కూడా పిచ్‌లో భాగమేనని, ఆ భాగం చెడిపోతే ఏ రోలరూ సరిచేయలేదని ఆ ఒక్క రోజు నాకు నేర్పింది. ఇప్పటికి ఎన్ని వందల మంది నన్ను వికెట్ ఎట్లుందని అడిగారో. ఆమె ఒక్కసారి అడిగితే చాలు, నిజం చెప్పడానికి ఎనిమిదేళ్లుగా సిద్ధంగా ఉన్నాను.