తాటాకు మీది బొటనవేలు

తిరుపతిలో మా మనుమరాలు పాతకాలపు వీధి నాటకాల మీద పరిశోధన చేస్తోంది. మొన్న ఏదో డిజిటల్ గ్రంథాలయంలో మూలప్రతులు వెతుకుతూ, ఒక తాటాకు గ్రంథం ఫోటోను తెరమీద పెద్దది చేసి చూపించింది. అంచున ఎలుక కొరికిన వంపు చూడగానే గుర్తుపట్టాను. అది మా ముత్తాత రాసిన నాటకం. ఆకులు వరుస తప్పాయి, కొన్ని తలకిందులయ్యాయి, ప్రతి ఆకు చివరా, ఫోటో తీసేటప్పుడు దాన్ని పట్టుకున్న ఎవరిదో బొటనవేలు, గోటి కింద మట్టితో సహా.

తాటాకు గ్రంథాన్ని ముట్టుకోవడమంటే ఏమిటో ఆ కాలం చూసినవాళ్లకు తెలుసు. మహర్నవమినాడు నాయన తలస్నానం చేసి, కట్టు విప్పి, ఒక్కొక్క ఆకునూ నిమ్మగడ్డి నూనెతో తుడిచి నీడలో ఆరబెట్టేవాడు. నోట్లో తాంబూలం ఉన్నవాడు ఆ గది గడప తొక్కకూడదు. అప్పటికే మా దివాణంలో గుర్రపుసాలకు తలుపులు ఊడిపోయాయి, వంటింట్లో రాగిసంగటి తప్ప మరొకటి ఉడికేది కాదు, అయినా ఆ మర్యాద మాత్రం తప్పలేదు. ఇందులో ముత్తాత పేరెక్కడుందని ఒకసారి అడిగితే నాయన నవ్వాడు.

"పేరు చెక్కుకునేది కూలికి రాసేవాడప్పా. ఈ సీమలో మనల్ని ఎరగనోడు యాడుండాడు?"

దివాణం అమ్ముడుపోయినప్పుడు ఆ కట్టను చిత్తూరులో ఒక గ్రంథాలయానికి ఇచ్చాడు. అక్కడి గుమాస్తా, రాసుకోవడానికి పేరు చెప్పమని నాయనను అడిగితే, అడగడమే అవమానమన్నట్లు చూసి, పేరు చెప్పకుండానే మెట్లు దిగాడు. నేనూ పక్కన తలెత్తుకునే నడిచాను.

ఇప్పుడు ఆ బొమ్మ కింద కర్త తెలియదు, దాత తెలియదు అని ఉంది.

"మన ఇంటిదేనని వాళ్లకొక మెయిల్ పెట్టు తాతా, విచారిస్తారు. లేదంటే నా థీసిస్‌లోనూ ఇట్లే రాయాల," అంది మనుమరాలు.

"మా ముత్తాత ఎవరో నేను వాళ్లకు అర్జీ పెట్టి చెప్పుకోవాల్నా?"

"అట్లయితే తలుపుల్లేని ఆ గుర్రపుసాలకు నువ్వే కావలి ఉండు," అని మూతి తిప్పుకుంది.

నేను రాయలేదు. ఆమె 'కర్త తెలియదు' అనే రాసి థీసిస్ ఇచ్చేసింది. ఆమెను తప్పుపట్టలేను, ఆధారం లేని మాట రాయకూడదట.

ఒకప్పుడు పొలిమేరలో పశువులు కాసేవాణ్ణి అడిగినా మేమెవరమో చెప్పేవాడు. ఇవాళ ఆ ఆకులను ఏ దేశంవాడైనా చూడవచ్చు. చూసినవాడికి, పేరు చెక్కడం కూలివాడి పని అనుకున్న మా ముత్తాత కనపడడు. కూలికి బొమ్మలు తీసినవాడి బొటనవేలు కనపడుతుంది, ప్రతి ఆకు మీదా.