జైపాల్ తొడమీది సింహం

గనిలో పైకప్పును ఇనుప కడ్డీతో తట్టి, చప్పుడును బట్టి బండ గట్టిదో డొల్లదో చెప్పడం జైపాల్ పని. డొల్లగా మోగితే అందరూ వెనక్కి జరుగుతారు. అతను మాత్రం ఆసరాకు దుంగ ఎత్తుకుని ముందుకు పోతాడు. అలాంటి మనిషి 2007లో నాలుగు పొక్కులకు హడలిపోయాడు.

అవి తొడ మొదట్లో, పదిమందికీ చూపించలేని చోట లేచాయి. మంట చూసి అక్కి అనుకున్నాడు. అక్కి లేస్తే కుమ్మరింటికి పోయి ఎర్రమట్టి జాజుతో ఒంటిమీద సింహం బొమ్మ గీయించుకుంటే, అది అక్కిని తినేస్తుందని వాళ్ళ ఇంటి నమ్మకం.

"యాడ లేసింది బిడ్డా?" అంది కుమ్మరింటి ముసలి కనకవ్వ, పుల్ల జాజులో ముంచుతూ. చోటు చూశాక కళ్ళు మూసుకునే గీసింది. సింహానికి రెండు తోకలు వచ్చాయి.

మర్నాడు సెంటినరీ కాలనీకి పోయి సంతోషిని కలిశాడు. దూరపు చుట్టం, బడిలో టీచరు. పూలుపండ్లు మార్చుకుని ఇద్దరికీ సంబంధం ఖాయం చేశారు, పెళ్ళి దగ్గర్లోనే ఉంది. ఇంట్లో పెద్దవాళ్ళు లేరు. ఇద్దరూ హత్తుకున్నారు. ఉండాల్సినదానికంటే కాస్త ఎక్కువసేపు, కాస్త ఎక్కువ గట్టిగా. బట్టలు మాత్రం ఒంటిమీదే ఉన్నాయి.

సింహం పొక్కులను తినలేదు. దవాఖానలో డాక్టరు చూసి హెర్పిస్ అన్నాడు. ఒకరి నుంచి ఒకరికి అంటుతుందన్నాడు. జైపాల్‌కు కాళ్ళకింది నేలే డొల్లగా మోగినట్టయింది. మందులిస్తున్న నర్సు లిల్లీకి సింహం సంగతీ, సంతోషిని హత్తుకున్న సంగతీ చెప్పుకున్నాడు, ఏడుపొక్కటే తక్కువ.

"పిల్లకు అంటిచ్చిన అక్కా. పెండ్లి వద్దని చెప్పేస్త."

లిల్లీ తలుపు మూసింది. "బట్టలిప్పిండ్రా?"

"లేదక్కా, ఒట్టు!"

"నీ సింహం జాజు ఆమె చీరకు అంటిందా?"

"లే. నా ప్యాంటు లోపల్నే ఉండె."

"ఇది సుత గంతే తమ్మీ. తోలుకు తోలు తాకాలె. నడుమ బట్టలుండంగ అంటుడు దాదాపు లేనట్టే. ఫికర్ చెయ్యకు." తర్వాత ఆమె గొంతు తగ్గించింది. "గానీ పెండ్లయినంక బట్టలడ్డముండయి గదా! పొక్కులున్నప్పుడు దూరముండాలె. లేనప్పుడు గూడ ఎప్పుడన్న అంటొచ్చు. గోలీలు, నిరోధ్ ముప్పు తగ్గిస్తయి, మొత్తం తియ్యయి. గందుకే ముందుగాల ఆ పిల్లకు చెప్పు."

"చెప్తె పెండ్లి పోతదక్కా."

"పోవచ్చు. వద్దనాలెనా, సరే అనాలెనా, ఆమె ఇష్టం."

పొక్కులు ఎండిపోయాయి. నోరు మూసుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. అయినా ఆదివారం పొద్దున జైపాల్ సంతోషి ముందు నిలబడి, సంబంధం కుదరకముందు శ్రీరాంపూర్‌లో ఒకామెతో తిరిగిన సంగతి నుంచి సింహం తోకల దాకా అన్నీ చెప్పాడు.

"పో" అంది సంతోషి. వచ్చేశాడు.

ఆ వారం మధ్యలో ఒకరోజు ఆమె దవాఖానకు పోయి, లిల్లీని అడగాల్సినవన్నీ తనే అడిగి తెలుసుకుంది. ఆ సాయంత్రం జైపాల్ షిఫ్టు దిగి వచ్చేసరికి గని గేటు బయట నిలబడి ఉంది.

"ఆ సింహం ఉన్నదా, పోయిందా?"

"కడిగేసిన."

"బతికిన. రెండు తోకల జంతువుతోని నేను కాపురం చెయ్య." ఆమె నవ్వలేదు, కోపంగానూ లేదు. "మల్ల పొక్కులు లేస్తె కనకవ్వ కాడికి ఉరుకకు బావా. ముందుగాల నాకు చెప్పు."