మా ఉత్తుత్తి అగ్నిప్రమాదం

ఆ రోజుల్లో మాదాపూర్‌లో అద్దాల మేడలకంటే బండరాళ్లే ఎక్కువ. రాళ్లు పేల్చే మోత వినపడగానే కంప్యూటరుకు చెయ్యి అడ్డం పెట్టేవాళ్లం (చెయ్యి అడ్డం పెడితే ఏమాగుతుందో ఇప్పటికీ తెలియదు). కడప నుంచి వచ్చి కంప్యూటర్ ఆడిటర్‌నని చెప్పుకు తిరుగుతున్న నాకు మొదటిసారి ఒక కంపెనీని ఒంటరిగా అప్పగించారు. ప్రమాదం జరిగి వాళ్ల డేటా మొత్తం పోతే మళ్లీ తెచ్చుకోగలరో లేదో నేను తేల్చాలి. నా రిపోర్టు బాగుంటేనే ఒక విదేశీ కంపెనీ వాళ్లకు పని ఇస్తుందట. ఆ మాట విన్నప్పటినుంచి నాకు కాలు నేలమీద నిలవలేదు.

అక్కడి మేనేజరు ఖాజాగూడ మనిషి. దేనికైనా "ఫికర్ చెయ్యకుండ్రి మేడమ్" అనేవాడు కాబట్టి మనసులో ఆయనకు ఫికర్ సార్ అని పేరు పెట్టుకున్నాను. డేటాకు రోజూ టేపు మీద నకలు తీసి, ఇంటికి తీసుకెళ్లి బీరువాలో దాస్తాడు. ఆఫీసుకేమైనా అయితే జీడిమెట్లలో వాళ్లకే ఇంకో కంప్యూటరుంది. టేపు అందులో పెడితే అంతా తిరిగొస్తుంది. వినడానికి ఎంతో బాగుంది.

"అయితే సార్, ఇప్పుడే ఆఫీసు కాలిపోయిందనుకోండి. మీరు మళ్లీ పని మొదలుపెట్టండి, నేను చూస్తాను," అన్నాను.

ఆయన హుషారుగా లేచి సొరుగు లాగబోయాడు.

"సొరుగు కాలిపోయింది సార్."

"అండ్ల ఇంటి బీరువ తాళంచెవి ఉన్నది మేడమ్."

"అదీ కాలిపోయింది."

ఆయన చెయ్యి మెల్లగా అన్నం డబ్బా వైపు జరిగింది. అదీ కాలిపోయిందన్నాను (నా డబ్బా మాత్రం సంచీలో క్షేమంగా ఉంది. ఆడిటర్లు కాలరు కదా).

కంపెనీ వ్యానులో ఖాజాగూడ వెళ్లాం. వాళ్లమ్మ వాకిట్లోనే ఉంది. "ఏందిరా, గీ యాళప్పుడొచ్చినవ్?"

"ఆఫీస్ కాలిపోయిందమ్మా, బీరువ తెరవాలె," అన్నాడు. 'అనుకో' అన్న ముక్క హడావుడిలో మింగేశాడు.

ఆవిడ గొల్లుమంది. చూస్తుండగానే వాడకట్టంతా వచ్చేసింది. ఒకాయన బిందెడు నీళ్లు కూడా తెచ్చాడు.

"ఉత్తుత్తిగానే కాలిందమ్మా," అని నేను సముదాయించబోయాను.

"ఉత్తగనే ఎట్ల కాలుతది బిడ్డా," అని ఇంకా గట్టిగా ఏడ్చింది.

ఇది పరీక్ష అనీ, తాళంచెవి లేకుండా టేపు తియ్యకపోతే కంపెనీకి పని రాదనీ కొడుకు నచ్చజెప్పాడు. ఆవిడ కళ్లు తుడుచుకుని లోపలికెళ్లి గడ్డపార తెచ్చింది. "నీ కొలువుకంటె బీరువ ఎక్కువనా," అంటూ సందులో దూర్చి ఒక్క పెట్టున తలుపు పెకిలించింది. చీరల మధ్యనుంచి టేపు తీసి నా చేతిలో పెట్టి, తనూ వ్యానెక్కింది. "కాలింది మళ్లెట్ల వస్తదో నేను జూడాలె."

జీడిమెట్లలో టేపు గుర్రుమంటూ తిరుగుతుంటే ముగ్గురం తెర ముందు నిలబడ్డాం. తెరమీద ఒక ఫైలు పేరు, దాని వెనకే ఇంకోటి, ఇక వరుసగా పైకి పాకడం మొదలైంది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టి గెంతింది నేనే. ఆవిడ తెరను తేరిపార చూసి, "మంచిగనే ఉన్నది. ఏం కాలలే," అంది. వాళ్లు నెగ్గారని రాశాను, తాళంచెవి ఇంకొకటి బయట ఉంచమని ఒక సలహాతో. పని వాళ్లకే వచ్చింది.

ఇప్పుడు ఇలాంటి పరీక్షలు చల్లటి గదిలో కూర్చునే అయిపోతాయి. అంతా తిరిగొచ్చిందని చెబితే తలూపి సంతకం పెడతాను. చాలా నిదానమైన మనిషినని పేరు కూడా వచ్చింది. ఆనాటి ఆ గెంతే పిల్ల ఎదురైతే కాస్త నెమ్మదమ్మా అని చెప్పాలనిపిస్తుంది. అది వినదని తెలుసు. వినకపోతేనే నాకూ సంతోషం.