కషాయం తాగిందన్నారు

మొన్న టొరంటోలో ఆఫీసు ముగించుకుని రిచ్‌మండ్ హిల్‌కి రైల్లో వస్తుంటే, ఎదుటి సీట్లో కూర్చున్న మన తెలుగు పిల్ల ఒకతె, ఒళ్ళో కాలేజీ బ్యాగు పెట్టుకుని, ఫోన్లో వాళ్ళ నాన్నతో పోట్లాడుతూ భోరున ఏడ్చేసింది. ఇంట్లో కుక్కపిల్లని ఎవరికో ఇచ్చేశారట, ఈ పిల్లకి మాట మాత్రమైనా చెప్పలేదట. "నన్ను అడగకుండ ఎట్ల ఇచ్చేస్తవ్ డాడీ? నువ్వేం మాట్లాడకు, ఫోన్ మమ్మీకియ్యి!" అని అరుస్తుంటే చుట్టుపక్కలవాళ్ళు మర్యాదగా కిటికీల వైపు తిరిగారు గానీ, నేను చూపు తిప్పుకోలేకపోయాను. కాసేపటికి ఏడుపు ఆగింది, ముక్కు తుడుచుకుంది, అవతల ఆయన ఏమన్నాడో గానీ కిసుక్కున నవ్వింది కూడా. నాకు అసూయ వేసింది. కోపం వస్తే వచ్చిందని నాన్నకే చెప్పడం, ఏడుపొస్తే ఏడవడం, ఈ రెండూ నేను ఇరవై మూడేళ్ళు నిండాక, ఈ దేశంలోనే సార్నియా అనే ఊళ్ళో, పరాయి మనిషి ఎదుట నేర్చుకోవలసి వచ్చింది.

ఆ ఏళ్ళలో నాలాగే కాలేజీ సీటు పట్టుకుని వచ్చిపడ్డవాళ్ళకి సార్నియా గురించి వేరే చెప్పక్కర్లేదు. ఊరి చివర రసాయనాల ఫ్యాక్టరీల గొట్టాలు, ఎప్పుడొస్తుందో తెలియని బస్సు, చెరువనడానికి నోరు రానంత పెద్ద సరస్సు మీదనుంచి వీచే గాలి, ఇంటి కింద బేస్‌మెంట్‌లో మంచానికి మంచం ఆనించుకుని పడుకునే ఆడపిల్లలం. నాకు మొదటినుంచీ నోట్లో మాట నోట్లోనే ఉండేది. డైరీలో పేజీలు నింపేదాన్ని గానీ, వంటింట్లో నా పాలగ్లాసు ఎవరైనా తాగేస్తే ఆ మాట అడగడానికి సిగ్గుపడేదాన్ని. మాలో పెద్దది కరీంనగర్ అమ్మాయి, అందరం అక్కా అనేవాళ్ళం, ఆవిడే నా తరఫున కూడా పోట్లాడేది.

రెండో సెమిస్టరు పరీక్షల ముందు ఒకరోజు ఇంటికి ఫోన్ చేస్తే, ఎప్పుడూ తానుగా ఫోన్ ఎత్తని నాన్నగారు తీశారు. అమ్మకి జలుబు చేసి గొంతు పూర్తిగా పోయిందని, మాట్లాడలేదని చెప్పారు. మర్నాడూ అదే మాట, ఆ మర్నాడూ అదే. నేను మిరియాలు, అల్లం, కాస్త బెల్లం వేసి కషాయం కాచి ఇమ్మని చెప్పాను, అమ్మ నాకు చిన్నప్పుడు ఎలా ఇచ్చేదో అలాగే చల్లారనివ్వకుండా ఇమ్మని చెప్పాను. సాయంత్రం మళ్ళీ ఫోన్ చేసి, ఇచ్చారా అని అడిగితే నాన్నగారు కొంచెం ఆగి, "తాగిందమ్మా" అన్నారు. పరీక్షలయ్యాక అమ్మతో తీరిగ్గా మాట్లాడొచ్చులే అనుకుని, నేను నిశ్చింతగా చదువుకుని పరీక్షలన్నీ బాగానే రాశాను.

చివరి పరీక్ష అయిన రోజు పిన్ని ఫోన్ చేసింది. అమ్మ గుండె ఆగి పోయిందనీ, పెద్దకర్మ కూడా అయిపోయిందనీ చెప్పింది. మన ఇళ్ళల్లో ఇది ఆనవాయితీ, పరీక్షలున్న పిల్లలకి చావు కబురు చెప్పరు, అది ప్రేమేనని వాళ్ళ నమ్మకం. "ఇప్పుడొచ్చి నువ్వు చూసేదేముందే తల్లీ, ఏడవకు, నువ్వేడిస్తే మీ నాన్న తట్టుకోలేడు" అంది పిన్ని. సరే అన్నాను. నిజంగానే ఏడవలేదు. అక్కడ అందరూ ఏడవడం అయిపోయి, పందిరి విప్పేసి, ఎవరి ఊళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయాక, ఒక్కదాన్నే ఇక్కడ ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో నాకు తెలియలేదు.

ఆ తర్వాత అన్నం గొంతు దిగడం మానేసింది. నేను పార్ట్‌టైమ్ చేసే కాఫీ షాపులో, కార్లవాళ్ళకి కిటికీలోంచి కప్పులు అందించేటప్పుడు నా మాట వాళ్ళకి వినిపించేది కాదు, గట్టిగా చెప్పమని అడిగేవాళ్ళు, నాకు గట్టిగా రాదు. డైరీ తెరిచి మంచు పడిందనో పడలేదనో రాసి మూసేసేదాన్ని. అక్క కొన్నాళ్ళు చూసి, "ఏందే, కంచం ముందట బెట్టుకొని దానికి ధ్యానం చేస్తున్నవా? నడువు, కాలేజీల కౌన్సెలర్ ఉన్నదట, ఫ్రీగనే చూస్తదట, నేను టైమ్ గూడ తీసుకున్న" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది.

కౌన్సెలర్ అరవై దాటిన తెల్లావిడ, మనసుకి చేసే వైద్యమే ఆవిడ పని. నేను పుస్తకాల పురుగుని కదా, వెళ్ళేముందే లైబ్రరీలో దుఃఖం మీద దొరికినవన్నీ చదివేశాను. వారం వారం ఆవిడ ఎదుట కూర్చుని, మా ఇంట్లోవాళ్ళు ఎందుకలా చేశారో, అందులో వాళ్ళ తప్పేమీ లేదని నాకెలా తెలుసో, పరీక్షకి జవాబు రాసినట్టు చెప్పేదాన్ని. నేను ఇంత బాగా అర్థం చేసుకున్నాక ఇంకా అన్నం ఎందుకు దిగడంలేదో నాకు అర్థమయ్యేది కాదు. ఒకరోజు ఆవిడ అంతా విని, నీకు తెలిసింది చాలా ఉంది, సరే, ఇప్పుడు ఒంట్లో ఎక్కడ బరువుగా ఉంది అని అడిగారు. గొంతు చూపించాను. అక్కడ ఆగిపోయిన మాట ఎవరితో చెప్పాలి అన్నారు. ఆలోచించకుండానే నాన్నగారితో అన్నాను.

ఆవిడ గోడ పక్కనున్న కుర్చీ తెచ్చి నా ఎదురుగా వేసి, అందులో మీ నాన్న ఉన్నారనుకో అన్నారు. నేను చటుక్కున లేచి నిలబడ్డాను. ఆవిడ కంగారుపడి, వెళ్ళిపోతావా అన్నారు. కాదండీ, మా నాన్నగారి ఎదుట నేనెప్పుడూ కూర్చోలేదు అని చెప్పాను. వేరే ఎవరైనా నవ్వేవారేమో. ఆవిడ కూడా తన కుర్చీలోంచి లేచి నా పక్కన నిలబడి, ఇంగ్లీషు వద్దు, మీ ఇంటి భాషలోనే చెప్పు, నాకు మాటలు తెలియకపోయినా పరవాలేదు అన్నారు.

కుర్చీ వైపు తిరిగి, "కషాయం తాగిందని ఎందుకు చెప్పారు?" అన్నాను. ఆ గొంతు నాది కాదనిపించింది, కాఫీ షాపులో ఎవరికీ వినిపించని గొంతు ఆ గది దాటి వరండాలోకి వెళ్ళి ఉంటుంది. చనిపోయిన మనిషికి వేడివేడిగా ఇమ్మని చెప్పానే, మీరు విన్నారే, నన్ను పిచ్చిదాన్ని చేశారే అని నాన్నగారిని నిలదీశాను. జీవితంలో మొదటిసారి ఆయన మీద కోపం వచ్చింది, వచ్చిందని తెలిసింది. ఆ కోపం అయిపోయేసరికి దాని కింద ఇంకేమీ లేదు, అమ్మ తప్ప. అప్పుడు కుర్చీ చేతులు పట్టుకుని నేలమీద కూలబడి అమ్మా అమ్మా అని ఏడ్చాను. ఆవిడ పక్కనే నేలమీద కూర్చున్నారు గానీ ఊరుకోమని ఒక్కసారీ అనలేదు. ఏడుస్తుంటే ఊరుకోమనని మనిషిని నేను చూడటం అదే మొదలు. ఆ సాయంత్రం అక్క కలిపి పెట్టిన పెరుగన్నం ముద్ద ముద్దకీ గొంతు దిగింది. ఏదీ బాగైపోలేదు, అమ్మ తిరిగి రాలేదు, కానీ ఆకలి తెలిసింది.

ఆదివారం పొద్దున్నే, వాళ్ళకి సాయంత్రం, ఇంటికి ఫోన్ చేసి, కషాయం తాగిందని ఎందుకు చెప్పారని నాన్నగారిని అడిగాను. గదిలో అరిచినట్టు అరవలేదు. "నువ్వు చెప్పావని నేనే కాచానమ్మా. నాకు కాచడం రాదు, మీ పిన్నినడిగి కాచాను. మీ అమ్మ ఫొటో దగ్గర పెట్టాను. ఏం చెప్పను తల్లీ, అదే చెప్పాను" అన్నారు. ఆపైన ఆయన ఏడ్చారు. ఆ మనిషి ఏడిస్తే ఎలా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. ఊరుకోండి అనబోయి, అనకుండా ఉండిపోయాను. ఇద్దరం ఎంతసేపు ఏడ్చామో, ఎవరం ముందు ఆపామో గుర్తులేదు.

సార్నియా వదిలి ఎన్నో ఏళ్ళైంది. మార్కులెన్ని, చలికి కోటుందా అని రెండు ముక్కలడిగి ఫోన్ పక్కవాళ్ళకి ఇచ్చేసే నాన్నగారు ఇప్పుడు గంటలు గంటలు మాట్లాడతారు. నిన్న సంతలో అమ్మకి ఇష్టమైన లేత వంకాయలు చూసి కాళ్ళాడలేదని చెబుతారు, కొనుక్కోకుండా వచ్చేశానని చెబుతారు, నామీద కోపం వస్తే వచ్చిందని కూడా చెబుతారు. నేను ఎంతో ఇష్టంగా వింటాను. వింటూ వింటూ ఒక్కోసారి నాకు దిగులు ముంచుకొస్తుంది. అమ్మ ఆయనతో అన్నేళ్ళు కాపురం చేసింది, ఆయన మనసులో ఏముందో ముఖం చూసి ఊహించుకుంటూ, ఊహించింది నిజమో కాదో తెలియకుండానే వెళ్ళిపోయింది. ఇలా మాట్లాడే నాన్నగారిని అమ్మ చూడలేదు.