మధ్యలో జర్మన్ ఎందుకు సామీ!

రాయచోటి మట్టి మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం.

1990. ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగిన కొత్త. నేనొక చిన్న హోటల్లో టెలిఫోన్ ఆపరేటర్ని. స్విచ్‌బోర్డు అంటే గదుల ఫోన్లను ఊరి లైన్లతో కలిపే బల్ల; వైరు గుచ్చితే మాట, పీకితే ఖలాస్. విదేశీ లైన్లు చచ్చాయి, ఊళ్ళోవి మిగిలాయి. వాటిని వినడానికి నా పక్కనే హెడ్‌ఫోను తగిలించుకుని ఒక ఇరాకీ లెఫ్టినెంటు. జర్మనీలో చదివొచ్చినవాడు.

ఒక పొద్దున, మా హోటల్లో చిక్కుకున్న స్విస్ ఇంజనీరు గియేరి నన్ను వంటగది వెనక పట్టుకున్నాడు. ఏళ్ళుగా ఇక్కడున్నవాడు, అరబ్బీ తెలుసు. బ్నీద్ అల్ గార్ పేటలో మధ్యాహ్నం ఇల్లిల్లూ సోదా చేస్తారని లాబీలో సిపాయిలు అనుకుంటుంటే విన్నాడట. అక్కడ సెలీనా అనే స్విస్ నర్సు ఒక కువైటీ కుటుంబాన్ని దాచింది. దొరికితే అందరికీ తూటాలే.

"ఆమెకు ఫోన్ కలుపు. జర్మన్‌లో చెప్పేస్తా."

"లెఫ్టినెంటుకు జర్మన్ వచ్చు సామీ! మీ ఇంటి భాష లేదా?"

"ఉంది, రొమాన్ష్. ఇద్దరిదీ అదే. కానీ నాది రైన్ లోయ, ఆమెది ఎంగదీన్ లోయ. మా భాష అయిదు రకాలు. వేరే లోయవాళ్ళు ఎదురైతే జర్మన్‌లోకి మారిపోతాం. మర్యాద."

"అయిదింటికీ కలిపి ఒకటి లేదా?"

"ఈమధ్యే తయారుచేశారు, కాగితం మీద. ఏ అమ్మా దాంట్లో పిల్లల్ని తిట్టదు."

నాకు ఒళ్ళు మండింది. స్విట్జర్లాండుకు నాలుగో భాష అంటారు, ఉన్నదేమో గుప్పెడు మంది, వాళ్ళలో వాళ్ళకే మొహమాటమా!

"మా వంటాయనది గోదావరి. నేను 'యాడికి పోతాండావ్' అంటే కడుపు పట్టుకుని నవ్వుతాడు. అట్లని మేం హిందీలో మాట్లాడుకుంటామా? నవ్వితే నవ్వనీ, నీ మాటలోనే చెప్పు!"

అతను గదికి పోయాక వైరు గుచ్చాను. అలవాటు కొద్దీ జర్మన్‌లోనే పలకరించాడు మహానుభావుడు. పీకేశాను. "లైను పోయింది సర్," అన్నాను లెఫ్టినెంటుతో. మళ్ళీ గుచ్చాను. ఈసారి రొమాన్ష్. అవతల సెలీనా తన లోయ యాసలో ఏదో అడిగింది. అతను నిదానంగా మళ్ళీ చెప్పాడు. ఫోన్ ఠక్కున పెట్టేసింది.

"ఏం భాష ఇది? పాచిపోయిన ఇటాలియన్‌లా ఉంది," అన్నాడు లెఫ్టినెంటు.

నా హెడ్‌ఫోను బల్లకేసి కొట్టి లేచాను. "వాళ్ళమ్మ నేర్పిన మాటయ్యా అది! ఈ దేశంలో ఉండటానికి మా అందరికీ ఇఖామా కాగితం ఉంది. నీకేదీ?"

సిపాయిలు సోదాకు వచ్చేసరికి ఆ కుటుంబం ఊరికి దూరంగా కబ్ద్‌లో ఒక తోటకు చేరిపోయింది.

ఇప్పటికీ రెండు జిల్లాల తెలుగువాళ్ళు ఇక్కడ కువైట్‌లో, అర్దియా పేటలో ఎదురుపడి, యాసకు సిగ్గుపడి ఇంగ్లీషు అందుకుంటే నా చెయ్యి వైరు కోసం వెదుకుతుంది.

ఒట్టు వేశాను గనక చెప్పాలి. నేను లేవనూ లేదు, ఆ ఇఖామా మాట అననూ లేదు. "అవును సర్, పాచి భాషే," అని పళ్ళికిలించాను. మిగతాదంతా నిజం. నిజంగా అననందుకే ఇంత కోపం.