విప్పిన మోటారు

మా పిన్నికి పొగరని ఊరంతా అంటారు. నేనూ అంటాను. అంత పొగరు నాకు అబ్బలేదన్న కుళ్ళు తప్ప, అందులో నాకు తప్పేమీ కనబడదు.

పిన్నిది మోటారు వైండింగ్ కొట్టు. బోర్లలో కాలిపోయిన మోటార్లు విప్పి, మాడిన తీగ లాగేసి, కొత్త తీగ చుట్టి ఇస్తుంది. నేనూ ఆవిడ దగ్గరే పని నేర్చుకున్నాను. బోరు మోటారు నీళ్ళలో మునిగి ఉన్నంతసేపే చల్లగా ఉంటుంది. నీళ్ళు కిందికి జారాయంటే ఒట్టిగా తిరిగి మాడిపోతుంది. అప్పుడు ఇంకో రెండు పైపులు కలిపి మోటారును మరింత లోతుకు దింపుతారు. దాంతో పక్కింటాయన మోటారు మాడుతుంది. ఆయన ఊరుకుంటాడా, ఆయనా దింపుతాడు. ఇలా మా పేటంతా పోటీలుపడి పాతాళానికి పోతుంటే, మా కొట్టు ముందు కాలిన మోటార్లు వరసకట్టేవి.

అలాంటి కొట్టు పెట్టుకుని పిన్ని చేసిన పనేమిటయ్యా అంటే, పేటలో భూగర్భజలాల సంఘం పెడితే అందులో చేరడం! మన బోర్లన్నిటికీ అడుగున ఉన్నది ఒకటే నీరని సర్వే చేసిన ఇంజనీరమ్మ పటం గీసి చూపించింది. ఒప్పుకున్న లోతు దాటి ఎవరూ మోటారు దింపకూడదు, బోర్లకు వంతులవారీగా విశ్రాంతి ఇవ్వాలి, డాబాల మీద పడ్డ వాననీటిని వడగట్టి భూమిలోకి ఇంకించాలి. ప్రణాళిక అంతే. ఒక్కరు తప్ప అందరూ సంతకం పెట్టారు.

ఆ ఒక్కరిదీ ఐసు ఫ్యాక్టరీ. పేటలో అందరికన్నా ఎక్కువ నీళ్ళు తోడేది ఆయనే కాబట్టి, ఆయన ఒప్పుకోకపోతే మిగతావాళ్ళు ఒప్పుకుని ఏం లాభం? ఆయన పిన్నికి స్వయానా బావగారు. మా కొట్టు నడిచే గది ఆయనదే. బాబాయి ఉద్యోగమూ ఆయన ఫ్యాక్టరీలోనే. అన్నగారు గీసిన గీటు దాటడు బాబాయి.

ఎండలు ముదిరాక ఆ ఫ్యాక్టరీ మోటారే కాలి మా కొట్టుకొచ్చింది. పిన్ని విప్పి మాడిన తీగ కోసేస్తుండగా బావగారు వచ్చారు.

"తొందరగా చుట్టమ్మా. ఈసారి ఇంకో నాలుగు పైపులు దింపిస్తున్నా."

పిన్ని పటకారు కింద పెట్టింది. "అయితే నేను చుట్టను, బావగారూ."

"ఏంటీ?"

"సంతకం పెట్టండి, చుడతాను."

"మతిగానీ పోయిందా? మోటార్లు కాలితేనే కదా నీకు కూడు!"

"నా కూడు సంగతి నేను చూసుకుంటా. మీరు ఐసు సంగతి చూసుకోండి."

ఆయన మోటారును ఆటోలో వేయించుకుని ఊళ్ళో ఉన్న కొట్లన్నీ తిరిగారు. మా వైండింగ్ వాళ్ళలో ఒక కట్టుబాటుంది. ఒకరు విప్పి తీగ కోసిన మోటారును, వాళ్ళు వదిలేశామని చెప్పేదాకా ఇంకొకరు ముట్టరు. మళ్ళీ కాలితే తప్పెవరిదో తేలదు మరి. వెళ్ళిన ప్రతిచోటా ఒకటే ప్రశ్న: "ఆవిడ వదిలేశానందా?" కొత్త మోటారు కంపెనీ నుంచి రావాలంటే వారాలు పడుతుంది. అంతదాకా ఐసు ఎవరి మొహం చూసి గడ్డకడుతుంది? ఆయన మోటారును తెచ్చి మా గుమ్మంలో దభీమని పడేయించారు.

"గది ఖాళీ చెయ్యి."

ఆయన అటు వెళ్ళగానే బాబాయి ఇటు దిగాడు. "ఒక్కసారికి చుట్టెయ్యవే. అన్నయ్య కదా."

"అన్నయ్య మీకు కదా, మీరే చుట్టండి. తీగ అదిగో."

బాబాయి తీగవైపు చూసి, నావైపు చూసి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. నాకు నవ్వు రాలేదు. కొట్టు పోతే పిన్నికే కాదు, నాకూ పని పోతుంది. భయంతో ఏడుపొచ్చింది, ఆవిడ మీద ఒళ్ళుమండింది కూడా. ఆవిడ మాత్రం సామానంతా ఇంటి మెట్ల మీదికి చేరవేయించి, బావగారి మోటారుకు దుమ్ము పట్టకుండా గోనెపట్టా చుట్టి నీడన పెట్టించింది. మర్యాదకు లోటు చేయదు.

ఫ్యాక్టరీ మూగబోయింది. ఐసు కొనేవాళ్ళు పక్క ఊరి దారి పట్టారు. చివరికి ఆయన వచ్చి మెట్ల ముందు ఎండలో నిలబడ్డారు.

"ఆ కాగితమేదీ?"

పిన్ని ఇచ్చింది. ఆయన సంతకం గీకి, "గది మాత్రం ఇవ్వను" అన్నారు.

"నేనడిగానా?"

ఆ మోటారును పిన్ని నన్ను కూడా ముట్టనివ్వకుండా చుట్టింది. బోరులోకి దించేటప్పుడు దగ్గరుండి, ఒప్పుకున్న లోతు దగ్గర పైపుకు తన చేత్తో ఎర్రరంగు పూసింది.

రెండు వానాకాలాలు గడిచాయి. మేమింకా మెట్ల మీదే ఉన్నాం. మోటారు ఎప్పుడో ఒకటి వస్తుంది. నేను ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేస్తూ సణుగుతుంటాను. పిన్ని పనిముట్లకు నూనె రాసి, గోడకు ఆనుకుని, కాళ్ళు బారచాపి కూర్చుంటుంది.

నిన్న బావగారు అటుగా పోతూ ఆగారు. ఎత్తిపొడవడానికే ఆగారని మొహమే చెబుతోంది.

"ఏమ్మా, బేరాల్లేవా?"

"లేవు బావగారూ," అంది పిన్ని, వీధి చివరిదాకా వినబడేలా. "ఒక్కటీ కాలలేదు!"